ఆస్తమా, సీఓపీడీలో పీజీ కోర్సు: చేరే ముందు ఏం చూసుకోవాలి, చేరాక ఎలా నెట్టుకురావాలి

"ఏ కోర్సు మంచిది?" అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ప్రాస్పెక్టస్ కాసేపు పక్కన పెట్టండి. పోయిన వారం మీ దగ్గరకొచ్చిన ఆయాసం పేషెంట్లలో ఎవరి దగ్గర మీరు ఇరుక్కుపోయారో ఒక కాగితం మీద రాయండి, ఐదుగురు చాలు. ఒకాయనది ఆస్తమానా, సీఓపీడీనా (గాలి దారులు శాశ్వతంగా ఇరుకయ్యే ఊపిరితిత్తుల జబ్బు) తేల్చలేకపోయి ఉంటారు. ఇంకొకరి స్పైరోమెట్రీ (మెషీన్‌లోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) గ్రాఫ్ చూసి అర్థం కాక పక్కన నిలబడ్డ డాక్టర్ మొహం చూసి ఉంటారు. మూడు నెలల్లో రెండోసారి అటాక్‌తో వచ్చినావిడకు డోసు పెంచాలా, అసలు ఆవిడ ఇన్‌హేలర్ ఎలా పీలుస్తోందో చూడాలా అన్న సందేహం వచ్చి, టైం లేక డోసు పెంచమనే రాసి పంపించి ఉంటారు. స్టెరాయిడ్ అన్న మాట వినగానే బెదిరిపోయిన తల్లికి ఏం చెప్పాలో తోచలేదేమో. మీకు ఏ కోర్సు కావాలో ఆ కాగితమే చెబుతుంది. పేరున్న యూనివర్సిటీ అని, పేరు పక్కన నాలుగు అక్షరాలు వస్తాయని చేరినవాళ్లలో చాలామంది సగంలో నీరసపడిపోవడం చూశాను కాబట్టి చెబుతున్నా.

ఇది నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు, రెస్పిరేటరీ టెక్నీషియన్లు, జనరల్ ప్రాక్టీస్ డాక్టర్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది. పల్మనాలజీలో స్పెషలిస్టు కావాలనుకునే డాక్టర్ల దారి వేరు, దాని జోలికి వెళ్లడం లేదు.

ఏ స్థాయిలో చేరాలి

స్థూలంగా మూడు రకాలు. ఒకటి, రెండు మూడు రోజుల షార్ట్ కోర్సులు: స్పైరోమెట్రీ, ఇన్‌హేలర్ వాడకం లాంటి ఒక్క పనికే పరిమితం. రెండోది, కొన్ని నెలలు నడిచే మాడ్యూల్ లేదా సర్టిఫికెట్, డిప్లొమా. ఇందులో ఆస్తమాకు ఒకటి, సీఓపీడీకి ఒకటి విడివిడిగా ఉండేవీ ఉంటాయి, రెండూ కలిపినవీ ఉంటాయి. మూడోది మాస్టర్స్, అంటే రీసెర్చ్ ప్రాజెక్టుతో సహా. నేరుగా మాస్టర్స్‌కి దూకొద్దు అనే నా సలహా. ఒక మాడ్యూల్ చేసి చూడండి, ఆ క్రెడిట్లు తర్వాత పై కోర్సులో కలుపుకుంటారో లేదో ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. విడి మాడ్యూలా, కలిపినదా అంటే, పెద్దవాళ్లను చూసేవాళ్లు కలిపినదే తీసుకోవడం మంచిది, ఎందుకంటే మీ గదిలోకి వచ్చే మనిషి నుదుటి మీద ఏ జబ్బో రాసి ఉండదు కదా, పైగా రెండూ ఉన్నవాళ్లు కూడా వస్తారు.

క్రెడిట్ల లెక్క చాలామంది పట్టించుకోరు, తర్వాత టెన్షన్ పడతారు. యూరప్ క్రెడిట్ పద్ధతిలో ఒక్క క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. అంటే 10 క్రెడిట్ల మాడ్యూల్ 250 గంటలకు తగ్గదు. ఆరు నెలలు అంటే 26 వారాలు, వారానికి దాదాపు 10 గంటలు. నైట్ డ్యూటీలు, ఇల్లు, పిల్లలు, వీటి మధ్య ఆ 10 గంటలు ఎక్కడి నుంచి తెస్తారో చేరే ముందే క్యాలెండర్ మీద రంగు వేసుకుని చూసుకోండి. కనబడకపోతే ఇంకో ఏడాది ఆగడంలో తప్పేం లేదు.

చేరే ముందు అడగాల్సినవి

మొదటిది, నేను ప్రతి కోర్సు మీదా వేసే చిన్న పరీక్ష. పాత స్లైడ్లో, శాంపిల్ లెసనో ఒకటి పంపమనండి. కాస్త ఆస్తమా ఉన్న పెద్దవాళ్లకు రిలీవర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్) ఒక్కటే ఇచ్చి పంపొచ్చు అని అందులో ఉంటే ఆ కోర్సు వదిలేయండి. ఆస్తమా చికిత్సకు ప్రపంచస్థాయిలో మార్గదర్శకాలిచ్చే గినా సంస్థ 2019లోనే ఈ సలహా మార్చేసింది: పెద్దవాళ్లకు, 12 ఏళ్లు దాటిన పిల్లలకు సాల్బుటమాల్ లాంటి రిలీవర్ మందు ఒక్కదానితోనే ఆస్తమా నడపొద్దు, తక్కువ డోసైనా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రూపంలో ఉండాలి అని. ఆ మార్పు చిన్నది కాదు, దశాబ్దాల అలవాటును తిరగేసింది. దాన్ని ఇంకా స్లైడ్‌లోకి ఎక్కించుకోని కోర్సు మిగతావి మాత్రం ఏం మార్చి ఉంటుంది?

రెండోది, ప్రాక్టికల్ పరీక్ష ఉందా, ఎవరు చూస్తారు? కంప్యూటర్ మీద క్విజ్ రాసి పాసైతే స్పైరోమెట్రీ వచ్చినట్టు కాదు. యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ స్పైరోమెట్రీ శిక్షణను రెండు భాగాలుగా పెట్టింది కూడా అందుకే, మొదటి దాంట్లో పాఠం, రెండో దాంట్లో మీరు నిజంగా చేసిన టెస్టులు. మీరు చూస్తున్న కోర్సు ఏదైనా సరే, మీ చేత్తో తీసిన గ్రాఫులను ఎవరో ఒకరు ఎర్ర పెన్నుతో దిద్దే ఏర్పాటు ఉండాలి.

మూడోది, పాఠాలు చెప్పేది ఎవరు? అందరూ డాక్టర్లే అయితే ఇన్‌హేలర్, రిహాబ్ (వ్యాయామంతో ఆయాసం తగ్గించి నడక పెంచే శిక్షణ), ఇంట్లో పేషెంట్ పడే పాట్లు, ఇవి ఒక్కో గంటలో ముగిసిపోతాయి. నర్సు, ఫిజియో, ఫార్మసిస్టు, వీలైతే ఒక పేషెంటు కూడా క్లాసులో మాట్లాడే కోర్సు దొరికితే వదలొద్దు. ఇంకో మాట, ఫ్రీగా ఇచ్చే కోర్సులు ఉంటాయి, వాటికి డబ్బు ఎవరు పెడుతున్నారో చూడండి. ఒక కంపెనీ డివైస్ ఒక్కటే చేతిలో పెట్టి పంపిస్తే అది శిక్షణ కాదు. అలాగని ఫ్రీ అన్నదల్లా చెత్త అనీ కాదు, కాస్త కళ్లు తెరుచుకుని చేరండి, అంతే.

నాలుగోది మీ డిపార్ట్‌మెంట్‌ను అడగాల్సింది. కోర్సు మధ్యలో మీరు రెస్పిరేటరీ క్లినిక్‌లో కూర్చోడానికి వారానికి ఒక పూట ఇస్తారా, సూపర్‌వైజర్‌గా ఎవరైనా సంతకం పెడతారా అని. నోటి మాటగా "చూద్దాంలే" అంటే అది కుదరదనే అర్థం. మెయిల్ పెట్టించుకోండి.

ఇన్‌హేలర్: సులువనుకుని అందరూ బోల్తా పడేది ఇక్కడే

కోర్సు మొదలవ్వక ముందే మందు లేని డెమో ఇన్‌హేలర్లు ఒక డబ్బా నిండా సంపాదించండి. కంపెనీ రెప్‌లను అడిగితే ఇస్తారు, వాళ్లను మంచిపనికి వాడుకోవడం అంటే ఇదే. ఒక్కోదాన్ని అద్దం ముందు నిలబడి మీరే వాడండి. సిగ్గుపడొద్దు, నేనూ మొదటిసారి తప్పే చేశాను.

గుర్తు పెట్టుకోవాల్సిన అసలు సంగతి ఏంటంటే, పంపు లాంటి స్ప్రే ఇన్‌హేలర్‌ను, పొడి మందు ఇన్‌హేలర్‌ను పీల్చే తీరు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. స్ప్రేను మెల్లగా, లోతుగా, నాలుగైదు సెకన్ల పాటు పీల్చాలి. గట్టిగా లాగితే మందు గొంతు వెనక గోడకు కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. పొడి మందును మాత్రం మొదటి క్షణం నుంచే బలంగా, వేగంగా లాగాలి, ఎందుకంటే ఆ లాగుడే పొడిని చెదరగొట్టి నలుసులుగా చేస్తుంది. ఇప్పుడు ఒకే పేషెంట్‌కు పొద్దున పొడిది, అవసరానికి స్ప్రే రాసిచ్చారనుకోండి. ఆయన రెండూ ఒకేలా పీలుస్తాడు, అంటే రెంటిలో ఒకటి ఖాయంగా వృథా. ఈ ఒక్క విషయం చూడడం నేర్చుకుంటేనే కోర్సు ఫీజు సగం వసూలైనట్టు.

"ఇన్‌హేలర్ వాడటం తెలుసా?" అని అడగకండి. అందరూ తెలుసనే అంటారు. "ఒకసారి వాడి చూపించండి" అనండి, చేతులు కట్టుకుని చూస్తూ ఉండండి, మధ్యలో దిద్దొద్దు. నేను చూసిన ఒక పెద్దాయన చక్కగా ఊపాడు, మూత తీశాడు, నోట్లో పెట్టుకుని నొక్కాడు, అంతా బాగానే ఉంది, కానీ గాలి పీల్చింది ముక్కుతో! నోట్లోంచి తెల్లటి పొగలా మందు బయటికొచ్చేసింది. రెండేళ్లుగా అలాగే వాడుతున్నాడు, రెండేళ్లుగా డోసు పెంచుతూ వచ్చారు. ఆయన ఫైల్లో ప్రతి విజిట్‌కూ "టెక్నిక్ బాగుంది" అని టిక్ పెట్టి ఉంది.

చూసేటప్పుడు నేను వరుసగా గమనించేవి ఇవి: ఊపాడా, ముందు గాలి బయటికి వదిలాడా (దీన్ని చాలామంది ఎగ్గొడతారు), పెదాలు బిగించాడా, నొక్కడం పీల్చడం కలిశాయా, తర్వాత 10 సెకన్లో, ఆపగలిగినంతసేపో ఊపిరి బిగబట్టాడా. రెండో పఫ్ కావాలంటే మళ్లీ మొదటి నుంచి, రెండు పఫ్‌లు ఒక్క పీల్పులో కొట్టించకూడదు. స్పేసర్ (స్ప్రే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా) ఉంటే కూడా ఒక్కసారికి ఒక్క పఫ్పే. స్పేసర్ కడిగాక గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి, తుడిస్తే లోపల స్టాటిక్ పుట్టి మందు గోడలకు అంటుకుంటుంది. స్టెరాయిడ్ ఉన్నదైతే చివర నోరు పుక్కిలించి ఉమ్మాలి. ఇవన్నీ మీరు చెప్పాక, ఇప్పుడు మీరు నాకు నేర్పించండి అని పేషెంట్‌నే అడగండి. అప్పుడు తెలుస్తుంది ఎంత ఎక్కిందో. వచ్చే విజిట్‌లో మళ్లీ చూడండి, ఎంత బాగా నేర్చుకున్నా కొన్ని వారాల్లో జారిపోతుంది.

స్పైరోమెట్రీ

ఇందులో నా పరువు పోయిన కథ ముందు చెప్పేస్తా. కోర్సు ప్రాక్టికల్ కోసం నేను పంపిన గ్రాఫుల్లో సగం వెనక్కొచ్చాయి. మెషీన్ తప్పు కాదు, పేషెంట్ల తప్పూ కాదు. నాకు ఎవరో "ఆరు సెకన్లు ఊదిస్తే చాలు" అని నేర్పారు, నేను వాచీ చూసుకుంటూ ఆరు అనగానే ఆపించేసేవాణ్ని. సీఓపీడీ ఉన్న మనిషికి ఆరు సెకన్లకు ఇంకా గాలి కారుతూనే ఉంటుంది.

దాని వల్ల ఏం జరుగుతుందో లెక్క వేసి చూడండి. ఒకాయన మొదటి సెకన్‌లో ఊదింది, అంటే ఎఫ్‌ఈవీ1, 2.0 లీటర్లు. పూర్తిగా ఊదితే ఎఫ్‌వీసీ 3.0 లీటర్లు. నిష్పత్తి 0.67, అంటే 0.70 కంటే తక్కువ, గాలి దారిలో అడ్డు ఉందని అర్థం. నేను తొందరపడి ఆపించడం వల్ల ఎఫ్‌వీసీ 2.8 దగ్గరే ఆగిపోయింది అనుకోండి. నిష్పత్తి 0.71! జబ్బు మాయం. పేషెంట్ సంతోషంగా ఇంటికి వెళ్తాడు, సిగరెట్ వెలిగించుకుంటాడు.

2019లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ, యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ కలిసి ఇచ్చిన ప్రమాణం ప్రకారం గ్రాఫ్ చదునుగా మారేదాకా, అంటే చివరి ఒక్క సెకన్‌లో మార్పు 25 మిల్లీలీటర్ల లోపు వచ్చేదాకా, లేదంటే 15 సెకన్లు నిండేదాకా ఊదించాలి. ఊదడం మొదలుపెట్టడంలో తడబాటు ఉండకూడదు, మొదటి సెకన్‌లో దగ్గు ఉండకూడదు. ఇలా పనికొచ్చే ఊదుళ్లు మూడు కావాలి, వాటిలో మొదటి రెండు పెద్ద అంకెల మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. పెద్దవాళ్లతో ఎనిమిది ప్రయత్నాలు దాటించొద్దు, అలసిపోతారు, అంకెలు ఇంకా పాడవుతాయి. టెస్ట్ చేసే రోజు పొద్దున్నే 3 లీటర్ల సిరంజితో మెషీన్ సరిచూసుకోవాలి, 3 శాతం లోపు తేడా అంటే 2.91 నుంచి 3.09 మధ్య రావాలి. ఈ సిరంజి పని కోర్సులో అందరూ చేస్తారు, ఉద్యోగంలోకి తిరిగి వెళ్లిన మూడో వారానికి మానేస్తారు.

అంకెల కంటే కష్టం మన గొంతు. నిజం చెప్పాలంటే స్పైరోమెట్రీ సగం నటన. "బలంగా... ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఉంది, ఆపొద్దు, ఇంకా!" అని మనం అరవకపోతే ఎవరూ ప్రాణం పెట్టి ఊదరు. మొహమాటపడే వాళ్లకు ఇది మొదట్లో నరకం. ఖాళీ గదిలో ప్రాక్టీస్ చేయండి. కళ్లు స్క్రీన్ మీద కాకుండా పేషెంట్ మొహం మీద పెట్టండి: బుగ్గలు ఉబ్బుతున్నాయా, పెదాల పక్క నుంచి గాలి పోతోందా, కళ్లు తిరుగుతున్నట్టుందా. గుండెపోటు వచ్చి వారం కాలేదని, ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయిందని ముందే అడిగి తెలుసుకోవడం కూడా మీ పనే.

ఇంకో చిక్కు. సాల్బుటమాల్ 400 మైక్రోగ్రాములు ఇచ్చి 10–15 నిమిషాల తర్వాత మళ్లీ ఊదిస్తే ఎంత పెరిగితే "బాగా పెరిగింది" అనాలి? పాత లెక్క 12 శాతం, 200 మిల్లీలీటర్లు. 2021 నుంచి అదే సొసైటీలు ఆ మనిషికి ఉండాల్సిన అంచనా విలువలో 10 శాతం దాటాలి అంటున్నాయి. గైడ్‌లైన్లన్నీ ఇంకా దీనికి మారలేదు. పరీక్షలో ఏది రాయాలో మీ ట్యూటర్‌ను ముందే అడగండి, క్లినిక్‌లో మాత్రం ఈ ఒక్క అంకెతో ఆస్తమా అని కానీ కాదని కానీ తేల్చేయొద్దు. ఆస్తమా ఉన్న మనిషి ఆ రోజు బాగుంటే గ్రాఫ్ కూడా బాగానే ఉంటుంది. అలాగే 0.70 గీత కూడా రాతిలో చెక్కింది కాదు, వయసుతో ఆ నిష్పత్తి సహజంగానే తగ్గుతుంది కాబట్టి ముసలివాళ్లలో లేని జబ్బును చూపిస్తుంది, కుర్రవాళ్లలో ఉన్న జబ్బును దాచేస్తుంది.

మిగతా సిలబస్

ఆస్తమాకు గినా, సీఓపీడీకి గోల్డ్, ఈ రిపోర్టులు రెండూ నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, ఏటేటా మారుతుంటాయి. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలని కూర్చోకండి, ఎవరూ చదవలేరు. మీ కాగితం మీద రాసుకున్న ఐదుగురిని ముందు పెట్టుకుని, ఒక్కొక్కరి కోసం రిపోర్టులో వెతకండి. ఆస్తమాకు ఏసీటీ స్కోరు, సీఓపీడీకి క్యాట్ స్కోరు, ఆయాసానికి ఎంఎంఆర్‌సీ గ్రేడు, పేషెంట్ చెప్పే జవాబులతో వేసే ఈ కొలతలు వారంలో నోటికి వచ్చేస్తాయి. ఏసీటీలో 20 కంటే తక్కువ వస్తే ఆస్తమా అదుపులో లేనట్టు. క్యాట్ 40కి ఉంటుంది, ఎంత ఎక్కువైతే అంత ఇబ్బంది.

ఆక్సిజన్ గురించి ఒక్కటి మాత్రం నరాల్లోకి ఎక్కించుకోండి. సీఓపీడీ ముదిరి ఎమర్జెన్సీకి వచ్చిన మనిషికి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88–92 మధ్య ఉంచితే చాలు. 99 చూసి సంబరపడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మనిషి మత్తులోకి జారిపోవచ్చు. ఇక ఇంట్లో పెట్టే ఆక్సిజన్ సంగతి వేరు, రక్తంలో ఆక్సిజన్ నిలకడగా బాగా తక్కువ ఉన్నవాళ్లకు, రోజుకు కనీసం 15 గంటలు. ఈ పద్ధతికి ఆధారం 1980, 1981లో వచ్చిన రెండు ట్రయల్స్, చిన్నవే, కానీ అసైన్‌మెంట్లో వాటిని తెచ్చారంటే మార్కులు పడతాయి.

రిహాబ్ సెషన్‌కు చదవడానికి కాదు, చూడటానికి వెళ్లండి. మొదటి వారం మెట్లెక్కితే చచ్చిపోతానని భయపడే మనిషి ఆరు, ఎనిమిది వారాల తర్వాత నడిచే దూరం చూస్తే, ఏ మందూ చేయనిది ఇది చేస్తోందని మీకే అర్థమవుతుంది. సిగరెట్ మాన్పించడం మీద చాలా కోర్సులు గంటన్నరతో సరిపెట్టేస్తాయి. దానికి విడిగా ఇంకో శిక్షణ తీసుకోండి.

అసైన్‌మెంట్లు

వైద్యం బాగా తెలిసినవాళ్లు కూడా ఫెయిలయ్యేది రాతలోనే. ముఖ్యంగా రిఫ్లెక్టివ్ అకౌంట్ అని ఒకటి రాయమంటారు, అంటే మీ అనుభవాన్ని మీరే తిరగేసి చూసుకోవడం. మనవాళ్లు దాన్ని కేస్ షీట్‌లా రాసేస్తారు: పేషెంట్ వచ్చాడు, ఇది ఇచ్చాము, కోలుకున్నాడు. ట్యూటర్‌కు కావలసింది అది కాదు. నేను ఏమనుకున్నాను, ఎందుకు అలా అనుకున్నాను, ఎక్కడ పప్పులో కాలేశాను, ఇప్పుడైతే ఏం మార్చుకుంటాను, ఇదీ. ముక్కుతో పీల్చిన పెద్దాయన గురించి రాసినదానికే నాకు కోర్సు మొత్తంలో ఎక్కువ మార్కులొచ్చాయి, అందులో ఆ ఫైల్లోని టిక్కుల్లో ఒకటి నాదేనని ఒప్పుకున్నాను కాబట్టి. పేషెంట్ పేరు, ఊరు, పుట్టిన తేదీ ఏవీ రాయకండి, ఒక్క చోట దొర్లినా మొత్తం వెనక్కి పంపుతారు.

రాసే అలవాటు తప్పిపోయిన వాళ్లు క్లినిక్ అయిపోగానే, ఇంటికి బయల్దేరే ముందే, మూడు వాక్యాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. రాత్రి రాద్దామనుకుంటే రాయరు. ఇద్దరు ముగ్గురు కలిసి వాట్సాప్ గ్రూప్ పెట్టుకుంటే గ్రాఫులు ఒకరివి ఒకరు దిద్దుకోవచ్చు, కాకపోతే ఫొటో పెట్టేముందు పేరున్న పైభాగం కత్తిరించండి.

సర్టిఫికెట్ వచ్చిన మొదటి సోమవారం

కంప్యూటర్‌లో గత ఏడాది లెక్క తీయండి. ఆస్తమా ఉన్నవాళ్లలో ఎవరు ఎన్ని రిలీవర్లు తీసుకెళ్లారో చూడండి. 200 పఫ్‌లవి ఏడాదికి మూడు, అంతకంటే ఎక్కువ వాడేవాళ్లకు అటాక్ వచ్చే ముప్పు ఎక్కువ, 12, ఆపైన అయితే ప్రాణానికే ముప్పు పెరుగుతుంది అని గినా చెబుతోంది. బ్రిటన్‌లో ఆస్తమా మరణాల మీద 2014లో వచ్చిన సమీక్షలోనూ కనబడింది ఇదే, చనిపోయినవాళ్లలో చాలామంది రిలీవర్ మీదే బండి నడిపించారు.

ఆ లిస్టులో పైన ఉన్న పది మందికి ఫోన్ చేయండి, తిట్టడానికి కాదు. ఇంట్లో ఉన్న ఇన్‌హేలర్లన్నీ, ఖాళీవి, సగం వాడినవి, మూత పోయినవి, అన్నీ ఒక సంచిలో వేసుకుని రమ్మనండి. సంచి టేబుల్ మీద బోర్లించాక ఒక్కోటి చేతిలోకి తీసుకుని కౌంటర్ మీద అంకె చూడండి. రిలీవర్లన్నీ సున్నా మీద ఉండి, రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ సీలు కూడా తీయకుండా ఉంటే, ఏమీ అనకుండా దాన్ని ఆయన ముందు పెట్టి, "దీని గురించి చెప్పండి" అనండి.